ఆర్కిడ్ కుండీలో ఏం నింపాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మొక్కల పేజీకి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆర్కిడ్ కుండీ మిశ్రమం చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకరి ఉత్తరం మాత్రమే వేశాం. మిశ్రమాల కొలతలన్నీ ఘనపరిమాణం లెక్కన ఇచ్చాం. అంటే ఒకే మగ్గుతో కొలుచుకుంటే చాలు, తూకం అక్కర్లేదు.

ప్రశ్న: పూలతో ఉన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నాను. పూలు రాలాక ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి పెద్ద కుండీలోకి మార్చాను. మిగతా మొక్కలన్నీ ఆ మట్టిలో చక్కగా వస్తున్నాయి. దీని ఆకులు మాత్రం నెలన్నరకే ముడతలు పడి వేలాడిపోయాయి. నీళ్లు చాలడం లేదేమోనని రోజూ పోస్తున్నాను. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ నీళ్లు ఆపేయండి. కుండీ నిండా తడి ఉంది, దాన్ని తాగడానికి వేళ్లే మిగల్లేదు. అందుకే ఆకులు వాడాయి.

ఫెలనాప్సిస్ అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతుంది. దాని వేరును దగ్గరగా చూడండి. బయట తెల్లగా, వెండి రంగులో ఒక మెత్తటి పొర కనిపిస్తుంది. దీన్ని వెలామెన్ అంటారు. ప్రాణం లేని కణాలతో అల్లుకున్న స్పాంజి అది. నీటి చుక్క పడగానే పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, గాలి తగిలితే కొన్ని గంటల్లో మళ్లీ తెల్లబడుతుంది. ఈ తడవడం, ఆరడం రెండూ జరిగితేనే వేరు ఆరోగ్యంగా ఉంటుంది. మట్టిలో ఆ స్పాంజి ఎప్పుడూ నానుతూనే ఉంటుంది, గాలి అందదు, లోపలి వేరు ఊపిరాడక కుళ్లుతుంది. పశువుల ఎరువు పని ఇంకాస్త తొందర చేసింది, అంతే.

మొక్కను బయటికి తీసి, వేళ్లను పారే నీటి కింద కడగండి. ఒక్కో వేరునూ చేతి వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. రంగు చూసి మోసపోకండి, వెలుతురు తగలని వేళ్లు గోధుమ రంగులోనూ ఉండొచ్చు. నొక్కగానే పై పొర తొడుగులా జారిపోయి లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలితే ఆ వేరు పోయినట్టు. కత్తెరను మంట మీద కాల్చి చల్లారాక, చచ్చిన వేళ్లను గట్టి భాగం వరకు కత్తిరించండి. తర్వాత ఒక రోజు నీడలో ఆరనివ్వండి.

మిశ్రమం: 10 నుంచి 12 మిల్లీమీటర్ల పైన్ లేదా ఫర్ బెరడు ముక్కలు 5 పాళ్లు, అదే సైజు కట్టె బొగ్గు 1 పాలు, ముతక పెర్లైట్ (వేడికి పొంగిన తేలికైన తెల్ల రాయి గుళికలు) 1 పాలు. 12 సెంటీమీటర్ల కుండీకి ఇంచుమించు లీటరు మిశ్రమం పడుతుంది. మిగిలిన వేళ్లు ముడుచుకుని పట్టేంత కుండీ చాలు, ముందున్న పెద్ద కుండీ వద్దు. పెద్ద కుండీలో వేళ్లు చేరని మధ్యభాగం రోజుల తరబడి తడిగా ఉంటుంది, కుళ్లు మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది.

మరో మాట. కొన్న మొక్కల్లో చాలావాటికి వేళ్ల నడుమ చిన్న పీట్ (చిత్తడి నేలల్లో చివికిన మొక్కల పదార్థం) ముద్దో, బిగించి చుట్టిన నాచు ముద్దో ఉండిపోతుంది. మొలకగా ఉన్నప్పుడు పెట్టినది అది. చుట్టూ ఎంత మంచి బెరడు పోసినా ఆ ముద్ద మొదలు దగ్గర తడిని పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పుల్లతో నెమ్మదిగా విడదీసి తీసేయండి.

ప్రశ్న: ఆర్కిడ్ మిశ్రమం అని సంచుల్లో అమ్మేది అన్ని ఆర్కిడ్లకూ వాడొచ్చా? నా దగ్గర డెండ్రోబియం, కాట్లియా, ఆన్సిడియం, వాండా ఉన్నాయి.

జవాబు: ఒకే సంచి అన్నిటికీ సరిపోదు. సంచి మీద ఏం రాసుందో పక్కన పెట్టి, మొక్క వేరు మందం చూడండి. లావు వేళ్లకు పెద్ద ముక్కలు, సన్న వేళ్లకు చిన్న ముక్కలు అన్నది చాలావరకు నమ్మదగ్గ సూత్రం. లావు వేరు ఎక్కువ గాలి అడుగుతుంది, ఎండిపోవడాన్ని కాసేపు తట్టుకుంటుంది. సన్న వేరు తొందరగా ఎండిపోతుంది కాబట్టి దానికి తడి కొంచెం దగ్గరగా ఉండాలి.

వాండాకు వేళ్లు పెన్సిలంత లావు. దానికి మిశ్రమమే అక్కర్లేదు. చెక్క బుట్టలో మొక్క కదలకుండా నాలుగైదు పెద్ద బొగ్గు ముక్కలు, ఒక్కోటి 3 నుంచి 5 సెంటీమీటర్లవి, పెడితే చాలు. అయితే రోజూ వేళ్లు పూర్తిగా పచ్చబడేదాకా తడపాలి, పొడిగాలి రోజుల్లో రెండు పూటలా. అంత తీరిక లేకపోతే వాండా జోలికి పోకపోవడమే మంచిది.

కాట్లియాకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల బెరడు 3 పాళ్లు, బొగ్గు 1, ఇటుక ముక్కలో కాల్చిన మట్టి గుళికలో 1 పాలు. నీటిని నిలవ చేసుకునే ఉబ్బు కాడలు దీనికి ఉన్నాయి కనుక, ఒక తడికీ ఇంకో తడికీ మధ్య మిశ్రమం బాగా ఆరాలి. డెండ్రోబియంకూ దాదాపు ఇదే మిశ్రమం. ముక్కలు 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బాగుంటుంది. కుండీ మాత్రం చూడ్డానికి మొక్కకు చాలదేమో అనిపించేంత చిన్నది కావాలి. వేళ్లు ఇరుకుగా ఉంటేనే డెండ్రోబియం హాయిగా ఉంటుంది. పైభారానికి కుండీ పడిపోతుంటే దాన్ని ఇంకో బరువైన ఖాళీ కుండీలో దించండి, అంతేగానీ పెద్దదానికి మార్చకండి.

ఆన్సిడియం వేళ్లు దారాల్లా ఉంటాయి. 5 నుంచి 8 మిల్లీమీటర్ల బెరడు 4 పాళ్లు, పెర్లైట్ 1, తరిగిన స్ఫాగ్నమ్ నాచు 1. ఇది మరీ ఎండితే కొత్త ఆకులు విప్పుకోలేక విసనకర్రలా మడతలు పడతాయి. ఆ మడతలు తర్వాత ఎంత నీరు పోసినా పోవు, ఆ ఆకు అలాగే ఉంటుంది.

నేలలో పెరిగే స్పాథోగ్లాటిస్ లాంటి ఆర్కిడ్లు వేరే సంగతి. వాటికి తోటమట్టి, ముతక ఇసుక, ఆకు ఎరువు సమపాళ్లలో కలిపితే బ్రహ్మాండంగా వస్తాయి. ఆర్కిడ్ కదా అని దాన్ని ఉత్త బెరడులో పెట్టి ఎండబెట్టేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: బెరడు దొరక్క కొబ్బరి డొక్క ముక్కల్లో డెండ్రోబియం పెట్టాను. రెండు నెలలకే ఆకుల కొనలు మాడి నల్లబడ్డాయి, కొత్త వేళ్ల చివర్లు కూడా. ఎరువు అసలు వేయలేదు.

జవాబు: మీరు ఎరువు వేయకపోయినా డొక్క తనతో ఉప్పు తెచ్చింది. కొబ్బరి డొక్కలో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఎక్కువ. ఉప్పునీటిలో నానబెట్టిన డొక్కలైతే మరీను. లేత వేరు కొనకు ముందు తగిలేది ఆ ఉప్పే.

వాడేముందు ఇలా చేయాలి. ముక్కల్ని 10 నుంచి 15 మిల్లీమీటర్ల సైజుకు కోసి, బకెట్టులో నీళ్లు పోసి, పైకి తేలకుండా బరువు పెట్టి 24 గంటలు నానబెట్టండి. నీరు టీ డికాక్షన్ రంగులోకి వస్తుంది. పారబోసి మళ్లీ నింపండి. కనీసం మూడుసార్లు, ఒక్కోసారి 24 గంటలు. అంతటితో ఆగితే సగం పనే అయినట్టు. ఉత్త నీరు తేలిగ్గా కరిగే ఉప్పును తీసేస్తుంది కానీ డొక్క పీచు గట్టిగా పట్టుకున్న సోడియం, పొటాషియం అలాగే ఉంటాయి. తర్వాత మీరు ఎరువు వేసినప్పుడు అవి కాల్షియానికి, మెగ్నీషియానికి చోటిచ్చి నీటిలోకి వచ్చేస్తాయి. మొక్కకు అందాల్సిన కాల్షియం డొక్కకు పోతుంది, వద్దనుకున్న సోడియం మొక్కకు వస్తుంది. అందుకని నాలుగోసారి 10 లీటర్ల నీటిలో 20 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి అందులో ఒక రాత్రంతా నానబెట్టండి. మర్నాడు మంచినీటితో రెండుసార్లు జాడించి వాడుకోండి. నీటిలో కరిగిన ఉప్పును కొలిచే ఈసీ మీటరు ఉంటే ఆఖరి జాడింపు నీరు 0.5 mS/cm లోపు చూపించాలి. మంచినీటి రీడింగే అంతకు మించి ఉంటే, దాని దగ్గరికి వచ్చేదాకా జాడించండి.

ఇప్పుడున్న మొక్కను తీయకుండా కాపాడాలంటే కుండీ పట్టే నీటికి మూడు నాలుగు రెట్లు మంచినీరు నెమ్మదిగా పోసి కింద నుంచి పోనివ్వండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. మాడిన కొనలు పచ్చబడవు, కొత్తగా వచ్చే వేరు కొన ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంటే గండం గడిచినట్టు. డొక్క ముక్కలు బెరడు కంటే ఎక్కువ నీరు పట్టుకుంటాయన్నది గుర్తుంచుకుని తడికీ తడికీ మధ్య ఒకటి రెండు రోజులు ఎడం పెంచండి.

కొబ్బరి పొట్టు మాత్రం దీనికి పనికిరాదు. ముక్క వేరు, పొట్టు వేరు. పొట్టు ఆర్కిడ్ వేళ్లకు మట్టితో సమానం.

ప్రశ్న: నీరు బాగా దిగడానికి కుండీ అడుగున రెండంగుళాల గులకరాళ్లు పోయాలంటారు. అయినా నా పాఫియోపెడిలమ్ ఆర్కిడ్ కుళ్లింది.

జవాబు: వంటింటి స్పాంజి ఒకటి నీటిలో ముంచి, పలక భాగం కిందికి వచ్చేలా అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగేదాకా చూసి, దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. ఎత్తు పెరిగితే కిందికి దిగే నీరు పెరుగుతుంది, ఎత్తు తగ్గితే నీరు లోపలే నిలుస్తుంది. కుండీలోనూ ఇంతే. సన్న మిశ్రమం అడుగున ఒక పట్టీ మేర ఎప్పుడూ తడి నిలిచి ఉంటుంది. రాళ్లు పోస్తే ఆ పట్టీ రాళ్లలోకి దిగదు, రాళ్ల మీద నిలబడుతుంది. అంటే తడిని రెండంగుళాలు పైకెత్తి వేళ్ల దగ్గరికి మీరే తెచ్చారన్నమాట. ముతక బెరడు కుండీల్లో ఈ గొడవ పెద్దగా ఉండదు. అక్కడ రాళ్లు మేలూ చేయవు, కీడూ చేయవు, బరువు తప్ప.

రాళ్లకు బదులు కుండీ అడుగునా పక్కలా కన్నాలు పెంచండి. నడిమి భాగం ఆరకపోతే ఒక చిన్న జాలీ కుండీని బోర్లించి మధ్యలో పెట్టి, చుట్టూ మిశ్రమం నింపండి. పాఫియోపెడిలమ్‌కు 3 నుంచి 6 మిల్లీమీటర్ల బెరడు 6 పాళ్లు, పెర్లైట్ 2, నలిపిన బొగ్గు 1, తరిగిన నాచు 1. ఇది పూర్తిగా ఎండకూడదు, అలాగని మురగనూ కూడదు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. బెరడును జల్లెడ పట్టారా? సంచి అడుగున చేరే పొడిని కూడా దులిపి పోస్తే పెద్ద ముక్కల సందుల్లో అది కూరుకుపోతుంది, గాలికి దారి ఉండదు. పెద్ద ముక్కలూ చిన్న ముక్కలూ కలిపి వాడినా ఇదే తంటా.

ప్రశ్న: స్ఫాగ్నమ్ నాచులో మొక్కలు అద్భుతంగా వస్తాయని ఒకరు, చంపేస్తుందని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరిదీ నిజమే, నీళ్లు పోసే చెయ్యే వేరు. ఈ నాచు తన ఎండు బరువుకు ఎన్నో రెట్లు నీరు పడుతుంది. పొడిగాలిలో, ఏసీ గదుల్లో, వారానికోసారి నీళ్లు పోసేవారికి నాచు వరం. రోజూ మగ్గు పట్టుకుని తిరిగేవారికి, తేమ ఎక్కువున్న చోట ప్లాస్టిక్ కుండీ వాడేవారికి అది ఉరితాడు. అలాంటివారు బెరడు, మట్టి కుండీ ఎంచుకోవాలి. చెయ్యి ఊరుకోదని తెలిస్తే చేతికి తగ్గ మిశ్రమం పెట్టుకోవడమే తెలివి.

నాచే వాడాలనుకుంటే, నానబెట్టి పిండి, వేళ్ల చుట్టూ వదులుగా సర్దండి. వేలితో నొక్కితే లోపలికి పోయి, తీయగానే పైకి రావాలి. నీళ్లు ఎప్పుడు పోయాలో కుండీ బరువే చెబుతుంది. తడిపిన రోజు ఒకసారి ఎత్తి చూసి, ఆ బరువు గుర్తుంచుకోండి. పైన నాచు కరకరలాడుతూ, కుండీ తేలిగ్గా అనిపించినప్పుడే మళ్లీ నీళ్లు. ఏడాది, ఏడాదిన్నరకు మార్చేయాలి.

ఎండు నాచును వట్టి చేతులతో చిదమకండి. స్పోరోథ్రిక్స్ అనే శిలీంధ్రం అందులో ఉండొచ్చు, చేతికి చిన్న గీరుడున్నా చర్మంలోకి చేరి పుండ్లు పుట్టిస్తుంది. తొడుగులు వేసుకుని ముందు తడిపి తర్వాత ముట్టుకోండి. పెర్లైట్‌ను కూడా సంచిలోనే నీళ్లు చిలకరించి తీయండి, ఆ తెల్ల దుమ్ము ముక్కులోకి పోకూడదు.

ప్రశ్న: బొగ్గు విషాలను పీల్చేస్తుందట కదా, ఎక్కువ వేస్తే మంచిదేనా?

జవాబు: బొగ్గు వాడేది ముఖ్యంగా అది కుళ్లదు కాబట్టి, ముక్కల మధ్య ఖాళీ నిలిపి ఉంచుతుంది కాబట్టి. నీటిని శుద్ధి చేసే యాక్టివేటెడ్ బొగ్గుకూ మామూలు కట్టె బొగ్గుకూ చాలా తేడా ఉంది. పైగా కాలం గడిచేకొద్దీ ఎరువుల ఉప్పు దాని మీద పేరుకుంటుంది. పాతబడిన బొగ్గును కడిగి మళ్లీ వాడే పొదుపు వద్దు. అచ్చు పోసి అమ్మే బొగ్గు బిళ్లలు అసలే వద్దు, వాటిలో జిగురు కలుపుతారు. ఇటుక ముక్కలు వాడేవారు సిమెంటు, సున్నం అంటుకున్నవి ఏరి పారేయాలి.

ప్రశ్న: మిశ్రమంలో వర్మీ కంపోస్టు రెండు గుప్పిళ్లు కలిపితే బలం కదా?

జవాబు: కలపకండి. నీళ్లు పోసినప్పుడల్లా అది మెత్తటి బురదలా దిగి సందులు మూసేస్తుంది. బలం నీటితోనే ఇవ్వాలి. నీటిలో కరిగే ఎరువును ప్యాకెట్టు మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, వారానికోసారి. నెలలో ఒక వారం ఉత్త నీటితో కుండీని బాగా కడగండి.

ప్రశ్న: మిశ్రమం ఎప్పుడు మార్చాలి? మార్చిన ప్రతిసారీ నా కాట్లియా ఆరు నెలలు అలిగి కూర్చుంటోంది.

జవాబు: మీ కాట్లియా అలక మిశ్రమం మీద కాదేమో, వేళ మీద. కాట్లియా కొత్త పిలక మొదలు నుంచి కొత్త వేళ్లు తొంగిచూస్తున్నప్పుడు, అవి ఒక సెంటీమీటరు లోపు ఉండగానే మార్చాలి. ఆ వేళ్లు నేరుగా కొత్త మిశ్రమంలోకి దిగి పట్టు సాధిస్తాయి. అవి పొడుగయ్యాక మార్చారంటే లేత కొనలు పుటుక్కున విరుగుతాయి. వేళ్లు రాకముందే మార్చారంటే మొక్క నెలల తరబడి ఖాళీగా కూర్చుంటుంది. ఫెలనాప్సిస్‌కు పూలు అయిపోయాక, పచ్చటి వేరు కొనలు కదులుతున్న సమయం మంచిది.

క్యాలెండరు లెక్కన బెరడుకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. వేడి, తేమ కలిసున్న చోట ఇంకా తొందరగానే చివుకుతుంది. కుండీలో రెండంగుళాల లోతు నుంచి ఒక ముక్క తీసి నలపండి. గట్టిగా ఉంటే ఇంకా టైముంది. నల్లగా మెత్తబడి వేళ్లకు అంటుకుంటే, పుల్లటి వాసన వేస్తే, పోసిన నీరు పైన కాసేపు నిలబడితే, పూలున్నా సరే ఆగకండి.

కొత్త బెరడును ముందురోజు రాత్రి వేడినీటిలో నానబెట్టండి. పొడి బెరడు నీటిని తోసేస్తుంది, మీరు పోసిందంతా పక్కల నుంచి జారి కిందికి పోతుంది. ఉదయానికి చాలా ముక్కలు మునిగి ఉంటే తయారైనట్టు. మొక్కను కూడా ముందురోజే తడిపి ఉంచితే వేళ్లు వంగుతాయి, విరగవు. కుండీ గోడకు అంటిన వేరును లాగకుండా, పలుచటి కత్తిని గోడ వెంట జార్చి విడదీయండి.

కాట్లియా ఒకే దిక్కుకు నడుస్తూ పెరుగుతుంది. పాత కాడల వైపును కుండీ అంచుకు ఆనించి, కొత్త పిలక ముందు రెండేళ్ల పెరుగుదలకు చోటు వదలండి. అడ్డంగా పాకే దుంప పైకి కనిపించాలి, పూడ్చితే కుళ్లుతుంది. ముక్కలు పోస్తూ కుండీ పక్కలను అరచేత్తో తట్టండి, వేళ్ల మీద బొటనవేలితో కుక్కకండి. ఆఖర్న మొక్క పట్టుకుని ఎత్తితే కుండీ కూడా లేవాలి. లేవకపోతే ఊతకర్ర కట్టండి. మొక్క ఊగుతూ ఉంటే కొత్త వేరు కొనలు ముక్కలకు రాసుకుని అరిగిపోతాయి. ఆరు నెలల అలకకు చాలాసార్లు ఇదే కారణం.

వేళ్లు ఎక్కువగా కత్తిరించి ఉంటే నాలుగైదు రోజులు నీళ్లు పోయకుండా ఆకుల మీద పొగమంచులా చల్లండి. దాల్చిన చెక్క పొడి కోసిన ఆకు గాటు మీద పెట్టొచ్చు గానీ వేళ్ల మీద చల్లకండి, అది బతికున్న వేరును కూడా ఎండబెట్టేస్తుంది.

ప్రశ్న: ఫెలనాప్సిస్ వేళ్లు కుండీ బయటికి గాలిలోకి వచ్చేస్తున్నాయి. కుండీ మార్చేటప్పుడు లోపలికి తోసేయనా?

జవాబు: వద్దు. గాలికి అలవాటు పడి పెరిగిన వేరును తడి మిశ్రమంలో పూడ్చితే తరచూ కుళ్లుతుంది, తోసేటప్పుడు విరుగుతుంది కూడా. వాటిని అలాగే వదిలి, నీళ్లు పోసేటప్పుడు వాటి మీదా కాస్త చల్లండి. అన్ని వేళ్లూ ఒక్కసారిగా బయటి దారి పడుతుంటే మాత్రం లోపలి ముక్కల్ని నలిపి చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట.